ముందు తల్లిని చూపించమనండి

(హైదరాబాద్ సైనిక్‌పురిలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, కుక్కలు పెంచుకునేవాళ్ళ కోసం ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం ఇది. వక్త 25 ఏళ్ళుగా ఇంటి దగ్గర డాక్స్‌హుండ్లనే పొట్టికాళ్ళ చిన్నజాతి కుక్కలను పెంచుతున్న గృహిణి. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి చాపల మీద కూర్చోండి. కుక్కల మాటలు చెప్పుకోవడానికి నేలే మంచిది.

బయట బోర్డు మీద "చిన్నజాతి కుక్కలు – బాధ్యతాయుతమైన బ్రీడింగ్" అని రాయించారు. చూసి కాస్త గుండె దడదడలాడింది. నేను డాక్టర్ని కాను. ఇంటర్ దగ్గర చదువాపి, పెళ్ళి చేసుకుని ఈ సైనిక్‌పురికి వచ్చాను. మా వీధి చివర రిటైరైన కల్నల్‌గారు ఉండేవారు. ఆయన 2000లో ఒక నల్ల డాక్స్‌హుండ్ పిల్లను మా ఇంట్లో వదిలారు. మా అత్తగారు దాన్ని చూసి "మిరియం గింజలా ఉందే" అన్నారు. అదే దాని పేరైంది. ఆ తర్వాత మా ఇంట్లో పుట్టినవాటన్నిటికీ పోపులపెట్టె పేర్లే. జీలకర్ర, మెంతి, ఆవాలు. ఇదిగో, ఈ బుట్టలో నిద్రపోతున్నది లవంగం. (నవ్వులు)

ఈ 25 ఏళ్ళలో మా ఇంట్లో మొత్తం 14 లిట్టర్లు, అంటే 14 ఈతల పిల్లలు. ఈ లెక్క చెబితే కొందరు "అంతేనా?" అంటారు. ఒక్క ఏడాదిలో అంతకు మించి తీసేవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. నేను చేసిన బ్రీడింగ్ కంటే, చెయ్యకుండా వదిలేసింది ఎక్కువ. ఇవాళ చెప్పబోయేది ఎక్కువగా అదే. ఎప్పుడు చెయ్యకూడదు, ఎందుకు చెయ్యకూడదు.

ముందు నా తప్పుతో మొదలుపెడతాను.

2003లో మిరియం మొదటిసారి ఈనింది. ఐదు పిల్లలు. ఇంట్లో పండగే. చూడితో ఉన్నప్పటినుంచే మా అత్తగారు, నేను కలిసి దానికి రోజూ కాల్షియం సిరప్ పట్టించాం. చూలాలికి బలం కావాలి కదా, పాలు పడాలి కదా అని. రెండు పూటలా, పెద్ద చెంచాతో. పిల్లలు పుట్టాక 19వ రోజు రాత్రి, పదిన్నర దాటింది. మిరియం పెట్టెలోంచి లేచి వచ్చేసింది. పిల్లలు ఏడుస్తున్నా అటు చూడదు. గది చుట్టూ తిరుగుతోంది, వగరుస్తోంది. చలికాలంలో ఆ వగర్పేమిటో అర్థంకాలేదు. కాసేపటికి కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. నడిస్తే కొయ్యగుర్రం నడిచినట్టుంది. చెయ్యి వేస్తే ఒళ్ళు కాలిపోతోంది, చర్మం కింద కండలన్నీ పురుగులు పాకినట్టు అదురుతున్నాయి.

మావారు స్కూటర్ తీశారు. నేను దాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తిరుమలగిరిలో డాక్టరుగారింటికి వెళ్ళాం. ఆయన లుంగీతోనే తలుపు తీశారు. చూస్తూనే అడిగారు, "ఎన్ని పిల్లలు? ఎన్నో రోజు?" అని. ఒక చేత్తో స్టెతస్కోప్ గుండె మీద పెట్టి, రెండో చేత్తో నరంలోకి కాల్షియం ఎక్కించారు. ఎంత మెల్లగా అంటే, నాకు ఆ సిరంజి కదుల్తున్నట్టే అనిపించలేదు. తొందరపడితే గుండె ఆగిపోతుందట. సగం మందు వెళ్ళేసరికి అదురు తగ్గింది. పూర్తయ్యేసరికి నా చెయ్యి నాకింది.

అప్పుడు ఆయన అడిగారు, "చూడిలో ఉండగా కాల్షియం ఏమైనా పట్టారా?" అని. నేను గొప్పగా "రోజూ పట్టానండి" అన్నాను. ఆయన తల పట్టుకున్నారు.

సంగతేమిటంటే, గొంతు దగ్గర చిన్న గ్రంథులు ఉంటాయి. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు ఎముకల్లోంచి తీసి సర్దడం వాటి పని. మనం బయటినుంచి పోస్తూ ఉంటే వాటికి పని ఉండదు, మందగిస్తాయి. ఈనాక రెండు మూడు వారాలకు పిల్లలు బాగా తాగడం మొదలుపెడతాయి. ఒక్కసారిగా పాలలోకి కాల్షియం పోతుంది. అప్పుడు ఆ గ్రంథులు వెంటనే లేచి పనిచెయ్యలేవు. పెద్ద కుక్కల్లో కంటే చిన్న కుక్కల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే తల్లి చిన్నది, పిల్లల మంద పెద్దది. ఎక్లాంప్సియా అంటారు. చూడిలో ఉండగా దానికి కావాల్సింది మంచి ఆహారం. పిల్లకుక్కలకు పెట్టే నాణ్యమైన తిండి చివరి మూడు వారాలు పెడితే చాలు. కాల్షియం మాత్రం డాక్టరు చెబితేనే, ఆయన చెప్పినప్పుడే. మన ఇళ్ళల్లో బాలింతకు చేసే పథ్యాలన్నీ కుక్కకు చెయ్యకండి. ఆ రాత్రి నుంచి ఆ ఐదు పిల్లలకూ సీసాతో పాలు పట్టాను. రెండు గంటలకోసారి. ఆ నెల నాకు నిద్రంటే ఏమిటో తెలీదు.

అందుకే ఎవరైనా "మా కుక్కకు ఒక్క లిట్టర్ తీద్దామనుకుంటున్నానండీ" అంటే, నేను మొదట వాళ్ళను అడిగేది డబ్బు గురించి కాదు. అర్ధరాత్రి రెండింటికి మీ దగ్గర ఫోనెత్తే డాక్టరు ఉన్నారా? ఆ డాక్టరుకు సిజేరియన్ చేసే ఏర్పాటు ఉందా? కారు ఉందా? నెలరోజులు ఇంట్లో ఒక మనిషి ఉంటారా? ఈ నాలుగింట్లో ఒకదానికి లేదంటే అక్కడితో ఆపేద్దాం.

చిన్నజాతుల్లో ఈతలు తేలిగ్గా ఉండవు. పిల్ల తల, తల్లి కటి ఎముకకు సరిపోదు. లేదా కడుపులో ఒక్కటే పిల్ల ఉంటుంది. అది బాగా పెరిగి పెద్దదవుతుంది. నొప్పులు మొదలవ్వాలంటే పిల్లల దగ్గర్నుంచి కబురు వెళ్ళాలి. ఒక్కటే అయితే ఆ కబురు సరిగ్గా వెళ్ళదు. అందుకని 55వ రోజు దాటాక ఒక ఎక్స్‌రే తీయించండి. ఎన్ని పిల్లలున్నాయో లెక్క తెలుస్తుంది. లెక్క తెలియకపోతే, మూడు బయటికొచ్చాయి, అయిపోయింది అని మీరు టీ పెట్టుకుంటారు, నాలుగోది లోపల చచ్చిపోతుంది.

చూడి కాలం దాదాపు 63 రోజులు. కానీ క్రాసింగ్ అయిన, అంటే మగదానితో కలిసిన రోజు నుంచి లెక్కపెడితే అటూ ఇటూ అవుతుంది. అండం విడుదలైన రోజు నుంచి లెక్కపెడితే సరిపోతుంది. ఆ రోజు తెలుసుకోవడానికే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ రక్తపరీక్ష. మన పాతకాలం లెక్క, హీట్‌కి, అంటే ఎదకు వచ్చిన పదకొండో రోజు, పదమూడో రోజు అని తీసుకెళ్ళడం. కొన్నిటికి పని చేస్తుంది, కొన్నిటికి చెయ్యదు. రోజుకు రెండుసార్లు థర్మామీటర్ పెట్టి చూడండి. మామూలుగా 101 నుంచి 102 ఫారన్‌హీట్ ఉండేది, ఈనే ముందు రోజు 99 కిందికి పడిపోతుంది. అది పడిందంటే ఒక రోజు లోపల నొప్పులొస్తాయి. గట్టిగా ముక్కుతూ అరగంటయినా పిల్ల రాకపోతే, మొదటి పిల్ల రాకముందే ముదురు ఆకుపచ్చ ద్రవం కనబడితే, ఇంక ఎవరినీ అడగొద్దు. యూట్యూబ్ చూడొద్దు. బండెక్కండి.

(సభలోంచి ఒకరు: మేడమ్, మా ఇంట్లో ఆడ పామేరియన్ ఉంది. ఒక్కసారైనా తల్లి కాకపోతే దానికి జబ్బులొస్తాయంటారు కదా?)

అడిగారు, మంచి పని చేశారు. ఈ మాట నాతో వారానికి ఒకరైనా అంటారు. "ఆడపుట్టుక పుట్టాక ఒక్క కాన్పయినా కావద్దా అమ్మా" అని మా పక్కింటి పెద్దావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. లేదండీ. ఒక్కసారి ఈనడం వల్ల ఒంటికి ఏ మేలూ లేదు. దానికి పిల్లలు లేవన్న దిగులూ ఉండదు, ఆ దిగులు మనదే. నిజంగా దానికొచ్చే జబ్బు పయోమెట్రా. వయసు మీదపడ్డాక గర్భసంచిలో చీము పడుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కకు గర్భసంచే ఉండదు, ఇంక చీమెక్కడ పడుతుంది? మీ దానికి ఎంత వయసు? నాలుగా? స్టెరిలైజ్ చేయించండి. డాక్టరుతో మాట్లాడి, హీట్ అయిన రెండు మూడు నెలలకు పెట్టుకోండి.

మగకుక్కలవాళ్ళు ఇంకో రకం. "మావాడికి పెళ్ళి చేద్దామనుకుంటున్నాం, ఏదైనా సంబంధం ఉంటే చెప్పండి" అని వాట్సాప్‌లో ఫోటో పెడతారు. పట్టీ కట్టి, బొట్టు పెట్టి. (నవ్వులు) నవ్వుకోవడానికి బావుంది. కానీ నేను అడిగేది, ఆ వరుడి మోకాళ్ళు డాక్టరు చూశారా అని.

మోకాలి చిప్ప సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దీనికి మెషిన్ అక్కర్లేదు, చెయ్యి చాలు. పామేరియన్, చివావా, టాయ్ పూడుల్, యార్క్‌షైర్ టెరియర్. వీటిలో వెనకకాలి మోకాలి చిప్ప గాడిలోంచి జారిపోతుంది, చాలాసార్లు లోపలి వైపుకి. మీరు చూసే ఉంటారు. చక్కగా పరుగెడుతూ పరుగెడుతూ, రెండడుగులు ఒక కాలు ఎత్తి కుంటుతుంది, మళ్ళీ మామూలైపోతుంది. "భలే గెంతుతోందండీ మా బుజ్జిది" అని వీడియో తీస్తారు. అది గెంతు కాదు. డాక్టరు వేలితో చిప్పను నొక్కి చూసి గ్రేడు చెబుతారు. ఒకటి అంటే, నొక్కితే జారి, వదిలితే తనే వెనక్కొస్తుంది. నాలుగు అంటే, జారినది జారినట్టే ఉండిపోతుంది, చేత్తో తోసినా గాడిలోకి రాదు. ఇది వంశంలో వచ్చేది. అటువంటి కాలున్న కుక్కతో పిల్లలు తీయించడమంటే, ఆ కుంటును పంచిపెట్టడమే. నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకో తీసుకెళ్ళి అడగండి, చూస్తారు. అయిదు నిమిషాల పని.

పామేరియన్ అన్నాను కాబట్టి చిన్న పిట్టకథ. మనం చిన్నప్పుడు హైదరాబాద్‌లో ప్రతి వీధిలో చూసిన తెల్ల పామేరియన్, నిజానికి పామేరియన్ కాదు. ఇండియన్ స్పిట్జ్. ఇంగ్లీషువాళ్ళ కాలంలో వచ్చిన జర్మన్ స్పిట్జ్‌ల సంతతి, ఇక్కడి ఎండకు తట్టుకుని నిలబడ్డది. పెరుగన్నం తిని పధ్నాలుగేళ్ళు బతికేవి. ఇప్పుడు లక్షలు పోసి కొంటున్న ఈ అరచేతి పామేరియన్లకు, కుక్కల జాతులను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణం ప్రకారం దాదాపు 1.4 నుంచి 3.2 కిలోల బరువుండాలి. దానికంటే కిందికి లాగితేనే "టీకప్" అంటున్నారు.

టీకప్ అని ఒక జాతి లేదండీ. ఏ కెన్నెల్ క్లబ్బూ గుర్తించలేదు. లిట్టర్‌లో అన్నిటికంటే నలిగిపోయిన పిల్లను తీసి, ఇంకో నలిగిపోయినదానితో కలపడం. మాడు పూడదు. కొన్నిటికి తలలో నీరు చేరుతుంది. ఒక పూట తిండి తప్పితే రక్తంలో చక్కెర పడిపోయి, తూలి పడిపోతాయి. అలా పడిపోతే చిగుళ్ళకు కాస్త తేనె రాసి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పోయిన ఏడాది గచ్చిబౌలి నుంచి ఒక జంట వచ్చారు, ఇద్దరూ ఐటీ. షర్టు జేబులో పిల్లను పెట్టుకొచ్చారు. రెండు నెలల టీకప్ అని అమ్మారట. నేను నోరు తెరిచి చూశాను. మామూలుగా రెండు నెలలకు పాలపళ్ళు 28 దాకా వచ్చేస్తాయి. చిన్నజాతుల్లో ఒకట్రెండు ఆలస్యమవ్వొచ్చు, సరే. దీనికి ముందు పళ్ళు అప్పుడే చిగురు పొడుస్తున్నాయి, వెనకవి లేనేలేవు. అది టీకప్పూ కాదు, సాసరూ కాదు. నెల దాటీ దాటని పసిగుడ్డు. తల్లి దగ్గర పాలు తాగాల్సిన పిల్లను తీసుకొచ్చి, చిన్నదిగా ఉందని ఎక్కువ డబ్బుకు అమ్మారు. ఎదిగాక అది మూడున్నర కిలోలైంది, బానే ఉంది. వాళ్ళు మాత్రం మోసపోయామని బాధపడ్డారు, పెద్దదైపోయిందని! అది బతికి బట్టకట్టినందుకు నేను దిష్టి తీశాను.

ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను అమ్మకూడదని మన దేశంలో చట్టమే ఉంది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల బ్రీడింగ్, అమ్మకాల నియమాలు. అమ్మడానికి బ్రీడింగ్ చేసేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆడకుక్కకు ఏడాదిన్నర నిండాలి, ఎనిమిదేళ్ళు దాటకూడదు. 12 నెలల్లో ఒక్క ఈతకు మించకూడదు. మొత్తం జీవితంలో ఐదు. పిల్లలకు మైక్రోచిప్ ఉండాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. ఐదు అని చట్టం అంటుంది, నేను మూడు దగ్గర ఆపేస్తాను. మూడు ఈతలయ్యాక అది రిటైర్. మా ఇంట్లోనే సోఫా కింద ముసలితనం గడుపుతుంది. ఈతలు ఆగిపోయాక తల్లిని ఎక్కడికి పంపించారో అడగండి మీరు ఏ బ్రీడరునైనా. చాలామంది మాట మార్చేస్తారు.

పగ్ గురించి చెప్పకుండా దిగితే మీరు ఊరుకోరు, ముందు వరుసలోనే నాలుగున్నాయి. గురక ఇక్కడికి వినబడుతోంది. (నవ్వులు) 2003లో టీవీలో ఒక ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చింది, పిల్లాడి వెనకే తిరిగే పగ్. దాంతో దేశమంతా పగ్ కావాలంది. అడిగినవాళ్ళందరికీ ఇవ్వడానికి ఎక్కడివాటిని అక్కడ కలిపేశారు. అన్నను చెల్లితో కూడా.

కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి వగర్చే ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. పగ్‌కు మూతి లేదు. మూతి ఎముక కురచైంది కానీ, లోపలి మెత్తటి అంగిలి కురచ కాలేదు. చిన్న గదిలో పెద్ద పరుపు కుక్కినట్టు అది గొంతులోకి వేలాడుతుంది. అదే ఆ గురక. మేలో మన ఊళ్ళో 42 డిగ్రీలు దాటుతుంది. దానికి ఊపిరి తీసుకోవడమే ఒక కూలిపని. ఇంక ఒళ్ళెప్పుడు చల్లబడుతుంది? ఒంటి వేడి 106 ఫారన్‌హీట్ దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి.

పగ్ కొనాలని మనసుంటే తల్లి ముక్కు చూడండి. రంధ్రాలు గుండ్రంగా తెరుచుకుని ఉన్నాయా, బియ్యపుగింజ పొడుగున చీలికలా మూసుకుని ఉన్నాయా? ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంవాళ్ళు ఒక తేలికైన పరీక్ష పెట్టారు. స్టెతస్కోప్ గొంతు మీద పెట్టి విని, మూడు నిమిషాలు పరుగులాంటి నడక నడిపించి, మళ్ళీ విని గ్రేడు ఇస్తారు. సున్నా నుంచి మూడు. మూడొస్తే దానికి పిల్లలు తీయించకూడదు. మీరు స్టెతస్కోప్ లేకపోయినా సగం పరీక్ష చెయ్యొచ్చు. తల్లిని, తండ్రిని మీ ముందు మేడ మీద మూడు నిమిషాలు నడిపించమనండి. ఒప్పుకోకపోతే మీకు జవాబు వచ్చేసినట్టే. నెదర్లాండ్స్‌లో అయితే మూతి మరీ కురచగా ఉన్న కుక్కలతో బ్రీడింగ్ చెయ్యడమే నిషిద్ధం. నార్వేలో కవేలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ అనే చిన్నజాతి కుక్కల బ్రీడింగ్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2023లో ఆ కోర్టు కూడా ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో ఆ జాతిని పెంచడం చట్టవిరుద్ధమనే చెప్పింది. ఆ జాతిలో గుండె కవాటం జబ్బు, పుర్రెలో మెదడుకు చోటు చాలకపోవడం అంత పాతుకుపోయాయి.

అన్నాచెల్లెళ్ళను కలపడం అన్నాను కదా. మనకు మేనరికాలు కొత్తకాదు కాబట్టి లెక్క త్వరగా అర్థమవుతుంది. మేనత్త కొడుకును చేసుకుంటే, పుట్టే బిడ్డలో రెండువైపులా ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన జన్యువు జతకూడే అవకాశం 6.25 శాతం. మేనమామను చేసుకుంటే 12.5. కుక్కల్లో అన్నాచెల్లెళ్ళను, తండ్రీకూతుళ్ళను కలుపుతారు, అది 25. దానికి "లైన్ బ్రీడింగ్" అని ముద్దుపేరు. అది ఒక్కతరంతో ఆగదు, పైన నాలుగైదు తరాలదీ కలుస్తుంది. ఇంగ్లండు కెన్నెల్ క్లబ్ 2009 నుంచి అలాంటి పిల్లల్ని రిజిస్టర్ చెయ్యడం మానేసింది. అక్కడి పగ్‌ల మీద చేసిన ఒక పరిశోధనలో, పది వేల కుక్కలున్నా జన్యువుల వైవిధ్యం లెక్కన అవి 50 కుక్కలతో సమానమని తేలింది. ఊరంతా ఒక్క గోత్రమే అన్నమాట.

మన దగ్గర "కేసీఐ పేపర్స్ ఉన్నాయండీ" అంటే చాలు, కళ్ళకద్దుకుంటాం. కేసీఐ అంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. ఆ కాగితం చెప్పేది తండ్రెవరు, తాతెవరు అని. ఆరోగ్యం సంగతి దానిలో ఉండదు. కానీ ఆ కాగితాన్ని చదవడం నేర్చుకోండి. పైన రెండు వైపులా ఒకే పేరు మళ్ళీ మళ్ళీ కనబడుతోందా? అది చూడటానికి మీకు డాక్టరు అక్కర్లేదు. పెళ్ళిసంబంధాలు చూసే మన పెద్దాళ్ళు ఒక్క నిమిషంలో పట్టేస్తారు.

ఇంకోటి, రంగుల పిచ్చి. మచ్చల మచ్చల మెర్ల్ రంగు ఈ మధ్య ఫ్యాషన్. మా డాక్స్‌హుండ్లలో డాపుల్ అంటారు. మెర్ల్‌ను మెర్ల్‌తో కలిపితే నాలుగో వంతు పిల్లలకు ఆ జన్యువు రెండు వైపులనుంచీ వస్తుంది. వాటిలో గుడ్డివి, చెవిటివి పుడతాయి. అంతే, దీని మీద ఇంతకంటే చెప్పడానికి లేదు. ఎవరైనా అలా కలుపుతున్నారంటే వాళ్ళింటి గుమ్మం తొక్కకండి. నా దగ్గరికి ఒకాయన వచ్చి, జ్యోతిష్కుడు నల్లకుక్కను పెంచమన్నాడు, ఛాతీ మీద ఒక్క తెల్లవెంట్రుక కూడా ఉండకూడదు అన్నాడు. నల్లకుక్క కాలభైరవుడి వాహనం, పెంచుకోండి, కాదనను. కానీ ఆయనకు పిల్లను ఇవ్వలేదు. గ్రహాలు మారితే ఆ కుక్క గతేంటి?

ఇప్పుడు నాకు చెప్పడం కష్టమైన విషయం. 2011లో జీలకర్రకు ఒక మంచి మగకుక్కతో క్రాసింగ్ చేయించాను. షోలలో గెలిచినది. దాని యజమాని తెలిసినాయనే, పేరొద్దు. ఆరు పిల్లలు. నాలుగేళ్ళకు వాటిలో ఒకదాని ఇంటినుంచి ఫోన్. పొద్దున్న లేచేసరికి వెనక కాళ్ళు రెండూ ఈడుస్తోంది. వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కేసింది. డాక్స్‌హుండ్ కాళ్ళు ఊరికే పొట్టివి కాలేదు. జర్మనీలో బొరియల్లోకి దూరి బ్యాడ్జర్లను పట్టడానికి అలా ఎంచి ఎంచి పెంచారు. ఆ పొట్టికాళ్ళ వెనకున్న జన్యుమార్పుల్లో ఒకటి, డిస్కులు చిన్నవయసులోనే ఎండి గట్టిపడటానికీ కారణం. సరే, జాతిలోనే ఉంది, మన ఖర్మ అనుకున్నాను. ఆర్నెల్లకు అదే లిట్టర్‌లో ఇంకో దానికి వచ్చింది. అప్పుడు వెళ్ళి ఆ మగకుక్క యజమానిని గట్టిగా అడిగితే, దానికీ నడుము ఆపరేషన్ అయిందని, నా దగ్గర దాచారని బయటపడింది.

ఆయన్ను తిట్టాను, నిజమే. కానీ ఇంటికొచ్చాక తెలిసింది, నేను అడగనే లేదు. గెలిచిన కప్పులు చూశాను, నడుము చూడలేదు. నార్డిక్ దేశాల్లో డాక్స్‌హుండ్‌కు రెండేళ్ళు దాటాక, నాలుగేళ్ళ లోపు, వెన్నెముక ఎక్స్‌రే తీసి గట్టిపడిన డిస్కులు లెక్కపెడతారు. ఎక్కువుంటే దానితో బ్రీడింగ్ చెయ్యరు. ఆ సంగతి నేను అప్పటికే చదివి కూడా ఉన్నాను. మిగిలిన మూడిళ్ళకూ నేనే ఫోన్ చేశాను. సోఫా ఎక్కనివ్వకండి, మెట్లు దిగనివ్వకండి, బరువు పెరగనివ్వకండి, తూలితే వెంటనే డాక్టరుకు చూపించండి అని. ఒకాయన "ఇప్పుడా చెప్పేది?" అని పెట్టేశారు. ఆ లిట్టర్‌లోంచి నేను ఉంచుకున్న మెంతిని మళ్ళీ క్రాసింగ్‌కు పంపలేదు. అందమైన కుక్క. చూసినవాళ్ళంతా "వృథా చేస్తున్నారు" అన్నారు. స్టెరిలైజ్ చేయించేశాను.

అన్ని జబ్బులకూ అలా వంశం ఆపెయ్యాల్సిన పనిలేదు, అది కూడా చెప్పాలి. టాయ్ పూడుల్‌లాంటివాటిలో కంటిచూపు మెల్లగా పోయే ఒక జబ్బుంది. అది రెండువైపులా జన్యువు వస్తేనే బయటపడుతుంది. ఒకవైపే ఉన్న కుక్కకు చూపు బానే ఉంటుంది, మోస్తుందంతే. బుగ్గలోపల దూది పుల్లతో రాసి డీఎన్ఏ పరీక్షకు పంపితే తెలుస్తుంది. మోసే కుక్కను, అసలు లేని కుక్కతో కలిపితే ఆ జబ్బుతో ఒక్క పిల్ల కూడా గుడ్డిదవ్వదు. మంచి గుణాలున్న కుక్కను పారేసుకోనక్కర్లేదు. పరీక్ష చెయ్యకుండా ఇద్దరు మోసేవాళ్ళను కలిపితే మాత్రం, సగటున నాలుగింటిలో ఒకటి గుడ్డిదవుతుంది.

అమ్మేటప్పుడు నేనొక కాగితం రాయించుకుంటాను. ఏ కారణం చేతైనా, ఎన్నేళ్ళకైనా, పెంచలేకపోతే నాకే తిరిగివ్వాలి అని. మన ఊళ్ళో ఆ కారణం సాధారణంగా ఒకటే, వీసా. "డల్లాస్‌లో ఉద్యోగం వచ్చిందండీ, వచ్చే వారం ఫ్లైటు." ఆరేళ్ళు పెంచిన కుక్కను బుట్టలో పెట్టి నా గుమ్మంలో దింపి వెళ్ళారు ఒకరు. అది పది రోజులు గేటు దగ్గరే పడుకుంది. తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు ముందునుంచే సిద్ధపడాలి. అమెరికాకైతే ముందు మైక్రోచిప్, తర్వాతే రేబిస్ టీకా. వరస తప్పితే టీకా లెక్కలోకి రాదు.

పిల్లలు పుట్టిన మొదటి రెండు వారాలు వాటికి ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడం చేతకాదు, పెట్టెలో మనమే వేడి ఏర్పాటు చెయ్యాలి. రోజూ వంటింటి త్రాసులో గ్రాముల్లో తూచి పుస్తకంలో రాస్తాను. ఒక్కరోజు బరువు పెరగకపోతే అదే మొదటి హెచ్చరిక. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా వాటికి లోకం పరిచయమయ్యే కాలం. మిక్సీ చప్పుడు, కుక్కర్ విజిల్, గడ్డమున్న తాతగారు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, అన్నీ చూడాలి. బోనులో పుట్టి బోనులో పెరిగిన పిల్ల మీ ఇంటికొచ్చాక మిక్సీ వేస్తే మంచం కింద దూరి ఉచ్చపోసుకుంటుంది. అది దాని తప్పు కాదు.

అందుకే పిల్లను చూడటానికి వెళ్ళినప్పుడు, కార్ పార్కింగ్‌లో బుట్టలో పెట్టి చూపిస్తే వద్దనండి. ఇంట్లోకి వెళ్ళండి. ముందు తల్లిని చూపించమనండి. దాని జుట్టు ఎలా ఉంది, పొదుగు ఎలా ఉంది, మనిషిని చూసి దగ్గరికొస్తోందా, గోడకు నక్కుతోందా. "తల్లి ఊరెళ్ళింది" అన్నారట ఒకరు. (నవ్వులు) నిజంగానండీ. కుక్క ఊరెళ్ళిందట.

సరే, టైమయిందని చెయ్యి ఊపుతున్నారు. లవంగం లేచింది. తొమ్మిదేళ్ళది, రెండు ఈతలు, ఇప్పుడు పెన్షన్. ఎత్తుకోవాలని ఈ పాప ఇందాకట్నుంచీ చూస్తోంది. రా అమ్మా. చంకల కింద పట్టుకుని లేపకూడదు, నడుము వేలాడుతుంది. ఒక చెయ్యి ఛాతీ కింద పెట్టు. రెండోది వెనక కాళ్ళ కింద. ఆఁ, ఇప్పుడు మెల్లగా. వీపు నేలకు సమంగా ఉండాలి. ముందు నీ చెయ్యి వాసన చూడనీ. చూసిందా? ఇప్పుడు ఎత్తు.